మామయ్య కనుబొమ మీద చుక్క

తిరువూరులో ఒక కంటి ఆసుపత్రి వాళ్ళు ఓ పూటంతా ఆపరేషన్లు ఆపేసి కూర్చున్నారు. కరెంటు పోయి కాదు. డాక్టరు రాక కాదు. నా వల్ల. నా చేతిలో కత్తి లేదు, కర్ర లేదు. ఒక కాటుక డబ్బా, కాస్త కొబ్బరినూనె, చీర కొంగు, అంతే. ఇంత చిన్న సామానుతో అంత పెద్ద ఉపద్రవం తేవచ్చని అప్పటిదాకా నాకూ తెలియదు. మీ ఇంట్లో ఎవరికైనా కంటి ఆపరేషన్ ఉంటే ఇది చదివే బయల్దేరండి. నన్ను చూసి నవ్వుకోండి, ఏమీ అనుకోను. నవ్వడం అయ్యాక మాత్రం మీ చేతులు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి.

మాది పెనుగొలను. మా మామయ్య వెంకట్రామయ్యగారు పత్తి రైతు. ఆయన ఎడమ కంట్లో శుక్లం ముదిరి, సగ్గుబియ్యం జావలోంచి లోకాన్ని చూస్తున్నట్టు అయిపోయింది. కుడి కన్ను మాత్రం దివ్యంగా ఉండేది. ఆ ఒక్క కంటితోనే పొలాన్నీ, గొడ్లనీ, మమ్మల్నీ నడిపించేవారు. పక్కవాళ్ళ గేదె మా చేలో మూతి పెడితే గట్టు అవతలి నుంచే కనిపెట్టి కేకేసేవారు. అంటే ఆ కుడి కన్ను ఆయన ఒక్కరిది కాదు, మా ఇంటిల్లిపాదిదీ.

ఆపరేషన్ రోజు మా ఆయనకి పత్తి తీతలు. కూలీలు చేలో ఉన్నారు, వదిలి రాలేడు. అత్తయ్య నెత్తురు చూడలేదు, కోడిని కోస్తుంటేనే పక్క వీధిలోకి వెళ్ళిపోతుంది. కాబట్టి చిన్న కోడలినైన నేనే తోడు. ఆటో ఎక్కుతుంటే అత్తయ్య నా రెండు చేతులూ పట్టుకుంది.

"పద్మా, ఆయన కళ్ళు నీ చేతిలో పెడుతున్నానే."

"కళ్ళు కాదత్తయ్యా, ఒక్క కన్నే. ఎడమది."

చూశారా? బయల్దేరేటప్పుడు నాకు ఎంత స్పష్టంగా తెలుసో! ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

నా గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. చదువు అయిదో తరగతిలో ఆగింది గానీ జ్ఞాపకం ఎక్కడా ఆగలేదు. ఎవరి పెళ్ళిలో ఏ కూర మాడిందో ఇప్పటికీ చెప్పగలను. ఇంకో విద్య కూడా ఉంది. మా వీధిలో ఎవరికి దిష్టి తీయాలన్నా నన్నే పిలుస్తారు. ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట్లో పట్టుకుని నేను మూడు తిప్పులు తిప్పానంటే, ఏడుస్తున్న పిల్ల ఎవరిదైనా నోరు మూయాల్సిందే. అలాంటి దిష్టి డాక్టర్ని, మామూలు డాక్టర్ల మధ్యకి పంపారు. గొడవ రాకుండా ఎలా ఉంటుంది?

అసలు గొడవ ఆటోలోనే మొదలైంది. గంపలగూడెం దగ్గర ఎక్కిన ఒకావిడ మామయ్యని తేరిపార చూసింది.

"పెద్దాయనకి ఈ వయసులో ఇంత జుట్టేంటండీ! మా ఆయన నెత్తి నలభై దాటకుండానే నూర్పిడి కళ్ళంలా నున్నగా అయిపోయింది."

అదిగో, మొదటి దిష్టి తగిలింది. ఆపరేషన్‌కి వెళ్తున్న మనిషిని పట్టుకుని అలా అంటారా? తిరువూరులో దిగి ఆసుపత్రి హాల్లో కూర్చున్నామో లేదో ఇంకొకాయన అందుకున్నాడు. "తాతగారి పళ్ళన్నీ సొంతవేనా?" మామయ్య సంతోషంగా నోరు తెరిచి చూపించారు కూడా! నేను ఆయన మోచేతిని గిల్లాను. "మావయ్యా, మూసెయ్యండి. జుట్టు అయింది, పళ్ళు అయ్యాయి, ఇక కళ్ళ మీద పడతారు."

కాసేపటికి ఒక చిన్న సిస్టరు వచ్చి మామయ్యని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక పొడుగు బెంచీ. దాని నిండా ఆకుపచ్చ గౌన్లు వేసుకున్న పెద్దవాళ్ళు. కంట్లో మందు వేసి కళ్ళు మూసుకోమన్నారు కాబట్టి అందరూ మూసుకునే కూర్చున్నారు, తపస్సు చేస్తున్నట్టు. కాసేపాగి సిస్టరు నన్ను పిలిచింది.

"మీ తాతగారి గౌను వెనక ముడి వేసి, మీరు బయటికి వెళ్ళిపోండమ్మా."

అంతలో లోపలి నుంచి ఎవరో కేకేస్తే గబగబా వెళ్ళిపోయింది. నేను ముడి వేశాను. ఆ పిల్ల చెప్పిన మాటలో మొదటి సగం దాకా నా తప్పు ఏమీ లేదు.

ముడి వేసి ముందుకొచ్చి చూద్దును కదా, మామయ్య ఎడమ కనుబొమ పైన నీలం రంగు చుక్క!

నా ప్రాణం లేచొచ్చింది. ఎంత మంచి ఆసుపత్రి! మందులే అనుకున్నాను, దిష్టి కూడా వీళ్ళే చూసుకుంటున్నారు! ఆటోలో ఆవిడ చూపు, హాల్లో ఆయన చూపు, అన్నిటికీ విరుగుడు పెట్టేశారు. కానీ పెట్టడం తెలియలేదు పాపం. మా ఇళ్ళల్లో మగవాళ్ళకి ఏది పెట్టినా కుడి పక్క, ఆడవాళ్ళకి ఎడమ పక్క. ఆ పిల్ల పట్నంలో చదువుకుని ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పి ఉండరు.

"మావయ్యా, మీకు దిష్టి చుక్క పెట్టారు తెలుసా?"

"ఏమో, ఆ పిల్ల ఏదో చెప్పి ఏదో రాసింది. ఈ గౌను గొడవలో నేను వినలేదు."

"ఎడమ పక్క పెట్టింది. మగవాళ్ళకి కుడి పక్క కదా?"

"ఆ సంగతులు నాకేం తెలుసమ్మాయ్. నువ్వు ఎలాగంటే అలాగే."

మా చంటిదాన్ని అత్తయ్య దగ్గర వదిలి వచ్చినా, దాని కాటుక డబ్బా, నూనె సీసా నా సంచిలోనే ఉండిపోయాయి. కొంగు చివరకి నూనె అద్ది నీలం చుక్కని శుభ్రంగా తుడిచేశాను. కుడి కనుబొమ పైన కాటుకతో గుండ్రంగా, కందిగింజంత చుక్క పెట్టాను. వెనక్కి జరిగి చూసుకుంటే ముచ్చటేసింది.

అక్కడితో ఆగితే ఇది మా ఇంటి కథ అయ్యేది. పక్కన కూర్చున్నాయనకి కూడా ఎడమ పక్కే ఉంది. ఆయన మాత్రం ఏం పాపం చేశాడు? మార్చాను. ఆ పక్కనున్న పెద్దావిడకి కుడి పక్క ఉంది. ఆడమనిషి కదా, ఎడమకి మార్చాను. కొందరివి నా లెక్కకి సరిగ్గానే ఉన్నాయి, వాళ్ళ జోలికి పోలేదు. కళ్ళు మూసుకుని ఉన్నారేమో, ఎవరి నుదురు తాకినా నన్నే సిస్టరనుకున్నారు.

"ఇంకెంతసేపు సిస్టరమ్మా?"

"అయిపోయిందండీ, ఒక్క నిమిషం."

అయిపోయిందండీ! ఆ మాట ఎంత నిజం కాబోతోందో నాకేం తెలుసు? బెంచీ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళి, డబ్బా మూత పెట్టి, వరి నాట్లు ముగించినదానిలా నడుం సర్దుకుని బయటికొచ్చాను. తలుపు సందులోంచి చూస్తే సిస్టరు తిరిగొచ్చి మొట్టమొదట మామయ్యనే చేయి పట్టుకుని లోపలికి నడిపిస్తోంది. తలుపు మూసుకుంది. పైన ఎర్ర బల్బు వెలిగింది.

హాల్లో నా పక్కన తెల్ల చొక్కా పెద్దాయన కూర్చుని ఉన్నారు. వినగడపలో బడి పంతులుగా చేసి రిటైరయ్యారట. పేరు జోసఫ్ మాస్టారు. ఆయన భార్య సువార్తమ్మగారు లోపల బెంచీ మీద ఉన్నారు. నేను కుడి నుంచి ఎడమకి మార్చిన పెద్దావిడ ఆవిడే. మంచి చేసి చెప్పకుండా ఉండటం నాకు చేతకాదు.

"మీ ఆవిడ గారి చుక్క కూడా సరిచేశాను లెండి మాస్టారూ."

"ఏం చుక్కమ్మా?"

"దిష్టి చుక్క. సిస్టరు కుడి పక్క పెట్టేసింది. ఎడమకి మార్చాను."

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను చూశారు.

"మేం క్రైస్తవులం. మాకు దిష్టి చుక్కలు లేవు కదమ్మా?"

"మీకు లేకపోయినా ఆసుపత్రి వాళ్ళు పెట్టారండీ. అందరికీ పెట్టారు."

"అందరికీనా? కనుబొమ పైనా?"

"ఆఁ, కొందరికి అటు, కొందరికి ఇటు."

ఆయన మెల్లగా లేచి నిలబడ్డారు. బడిలో పిల్లవాడు కిటికీ పగలగొట్టాక పంతులుగారు లేచే లేవడం అది.

"తల్లీ, అది ఏ కన్నుకి ఆపరేషన్ చెయ్యాలో దానికి పెట్టే గుర్తు! పోయినేడు నాకూ పెట్టారు. దాన్ని మార్చావా?"

కుడి కనుబొమ. కందిగింజంత చుక్క. ముచ్చటగా గుండ్రంగా, ఇదిగో ఈ కన్ను కోయండి బాబూ అని నా చేత్తో నేనే ముద్ర వేసి పంపాను! గేదెని కనిపెట్టే కన్ను. మా ఇంటిల్లిపాదీ బతికే కన్ను. దానికి కట్టు కట్టి బయటికి తీసుకొస్తే, రెండో కంట్లో ఎలాగూ జావే. రేపు ఆయన చెంబు కోసం గోడ తడుముతూ నడుస్తుంటే అత్తయ్య నన్ను ఏమీ అనదు. అనకుండా చూస్తుంది. ఆ చూపుకి ఏ మిరపకాయలు తిప్పినా విరుగుడు లేదు.

ఎర్ర బల్బు తలుపు దగ్గరికి పరిగెత్తాను. వాచ్‌మన్ స్టూలు అడ్డం జరిపాడు.

"ఎక్కడికమ్మా?"

"లోపలికి! ఆపరేషన్ ఆపాలి!"

"భయపడకమ్మా. ప్రతి ఆడమనిషీ ఇక్కడికొచ్చి ఇదే మాట అంటుంది. నొప్పి ఉండదు. కూర్చో."

"నొప్పి కాదు బాబూ! చుక్క మార్చాను, దిష్టి చుక్క!"

"దిష్టి ఇంటికెళ్ళాక తీసుకోండి. ఇక్కడ నిప్పు వెలిగించనివ్వరు."

"అయ్యో, కన్ను బాబూ, కన్ను! మా మావయ్య మంచి కన్ను కోసేస్తారు!"

"ఇంత పెద్ద డాక్టరమ్మకి ఏ కన్నో తెలీదంటావా? మర్యాదగా వెళ్ళి కూర్చో."

నేను తలుపు మీద దబదబా బాదాను. జోసఫ్ మాస్టారు నా వెనకే వచ్చి, ఇన్నేళ్ళూ గొంతులో దాచుకున్న బడి కేకని బయటికి తీశారు. "తలుపు తియ్యవయ్యా! గుర్తులన్నీ తారుమారయ్యాయి! తప్పు కన్ను కోస్తారు!"

ఆ కేకకి హాలంతా లేచి నిలబడింది. ఒక కుర్రాయన నా ముందుకొచ్చాడు.

"ఎవరి గుర్తులు మార్చారండీ?"

"బెంచీ మీద... చాలామందివి."

"మా నాన్నది కూడానా?"

"మీ నాన్నగారు ఏ రంగు చొక్కా?"

"అందరూ పచ్చ గౌన్లలో ఉంటే చొక్కా ఏంటమ్మా!"

అంతా నా చుట్టూ మూగారు. మా అమ్మది? మా తాతది? మా పిన్నిది? దిష్టి తగలకుండా చుక్క పెట్టబోయినదాన్ని, ఇప్పుడు హాల్లో ఉన్న కళ్ళన్నీ నామీదే. ఆ తలుపు వెనక నుంచి ఒక్క చప్పుడూ లేదు. మామయ్య అరిచినా బాగుండు, తిట్టినా బాగుండు అనిపించింది. ఆ నిశ్శబ్దంలో కత్తెర చప్పుడు ఒకటి నేనే ఊహించుకుని, నేనే వింటున్నాను.

తలుపు తెరుచుకుంది. చిన్న సిస్టరు మొహం సున్నం కొట్టినట్టుంది.

"వెంకట్రామయ్యగారి మనుషులెవరు?"

"నేనే. అయిపోయిందా అమ్మా? కోసేశారా?"

"ఏమీ చెయ్యలేదు. మేడమ్ ఆపేశారు. మీ తాతగారిది ఏ కన్ను?"

"ఎడమది తల్లీ! ఎడమది, ఎడమది!" అని ఆ తలుపు దగ్గరే కూలబడి ఏడ్చేశాను. వాచ్‌మన్ తన స్టూలు తెచ్చి నాకే వేశాడు.

లోపల జరిగింది మామయ్య తర్వాత చెప్పారు. బల్ల మీద పడుకోబెట్టాక డాక్టరమ్మ అడిగిందట.

"మీ పేరేంటండీ?"

"వెంకట్రామయ్య."

"ఏ కన్ను ఆపరేషన్ తాతగారూ?"

ఇక్కడ మా మామయ్య ఏమన్నారో చూడండి. "నాదేముందమ్మా. మా చిన్న కోడలు ఏ కన్నంటే ఆ కన్నే."

కోడలి మీద ఎంత నమ్మకం! వింటుంటే నాకు సంతోషించాలో, బావిలో దూకాలో తెలియలేదు. డాక్టరమ్మ చుక్క చూస్తే కుడి పక్క. కాగితం చూస్తే ఎడమ. మందు వేసిన కన్ను ఎడమది. మూడూ ఒక మాట మీదకి వస్తేగానీ ఆవిడ చెయ్యి ముందుకు పోదట. "ఎవరూ ఏమీ ముట్టుకోకండి, బయట మనుషుల్ని అడిగి రా" అని సిస్టర్ని పంపింది.

ఇప్పుడు ఆవిడే బయటికొచ్చింది. టోపీకీ మాస్కుకీ మధ్య కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, అవి చాలు.

"ఈ కాటుక ఎవరు పెట్టారు?"

చెప్పాను. ఆటోలో జుట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను.

"ఆపరేషన్ చేసే కంటి పక్కన కొబ్బరినూనె రాశారా?"

"శుభ్రమైన నూనేనండీ, ఇంట్లో ఆడించింది."

నేను చెంగుతో మొహం తుడుచుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

"అమ్మా, నాకు జ్ఞాపకం బాగా ఎక్కువ. ఎవరిది ఎటు నుంచి ఎటు మార్చానో బెంచీ ఆ చివర నుంచి ఈ చివర దాకా పొల్లుపోకుండా చెప్పేస్తాను. మీరు రాసుకోండి."

"మీ జ్ఞాపకం గొప్పదే అయ్యుంటుంది. నేను మాత్రం దాన్ని నమ్మి కత్తి పట్టుకోను. నా జ్ఞాపకాన్నే నేను నమ్మను."

బెంచీ మీద వాళ్ళందరినీ లేపి, మొహాలు కడిగించి, కాగితాలు తీసి, ఒక్కొక్కరి కళ్ళూ మళ్ళీ మొదటి నుంచి చూశారు. పొద్దున్న అవ్వాల్సిన ఆపరేషన్లు మధ్యాహ్నానికి వాయిదా పడ్డాయి. నేను వెళ్ళి హాల్లో ఉన్న వాళ్ళందరికీ టీలు తెచ్చి ఇచ్చాను. తాగారు గానీ, గ్లాసు అందుకునే ముందు నా చేతిలో ఇంకేమన్నా ఉందేమోనని ఒక్కొక్కరూ తొంగి చూశారు. మధ్యలో అత్తయ్య ఫోను.

"అయిందా?"

"ఇంకా లేదత్తయ్యా."

"ఎందుకే ఇంత ఆలస్యం?"

"డాక్టరమ్మ చాలా జాగ్రత్త మనిషి అత్తయ్యా." ఆ రోజు నేను మాట్లాడిన వాటిల్లో తిరుగులేని మాట అదొక్కటే.

చిన్న సిస్టరు ఒక మూల నిలబడి కళ్ళు ఒత్తుకుంటోంది. "పేషెంట్లకి చెప్పాను మేడమ్. వీళ్ళకి చెప్పలేదు." డాక్టరమ్మ ఆ పిల్లని తిట్టలేదు. నాతో అంది. "తప్పంతా మీదే కాదమ్మా. మిమ్మల్ని లోపలికి పిలిచి, ఆ చుక్క ఏంటో చెప్పకుండా వదిలేశాం. అయినా మీరు సిగ్గుపడి దాచకుండా పరిగెత్తుకొచ్చి తలుపు కొట్టారు. ఆపరేషన్‌కి ముందు అలా కొట్టేవాళ్ళే మాకు కావాలి. కాటుక డబ్బా మాత్రం ఇలా ఇవ్వండి."

సాయంత్రానికి మామయ్యకి ఎడమ కన్నుకే ఆపరేషన్ అయింది. సువార్తమ్మగారికి కుడి కన్నుకే. రాత్రంతా నాకు మాత్రం రెండు కళ్ళూ మూతపడలేదు. మర్నాడు పొద్దున్న కట్టు విప్పుతుంటే ఆయన మంచం పక్కన నిలబడ్డాను. జోసఫ్ మాస్టారు, వాచ్‌మన్ కూడా వచ్చారు. మామయ్య కన్ను మెల్లగా తెరిచారు. గోడ చూశారు. ఫ్యాను చూశారు. నావైపు తిరిగి కనుబొమలు ముడిచి చాలాసేపు చూశారు. 

"కనబడుతోందా మావయ్యా?"

"కనబడుతోంది. ఊళ్ళోవాళ్ళ చుక్కలన్నీ సరిచేశావు గానీ అమ్మాయ్, ముందు నీ బొట్టు సరిచేసుకో. పక్కకి పోయింది."

హాలు దాకా వినబడేట్టు నవ్వారు అందరూ. నేనూ నవ్వాను, బొట్టు తడుముకుంటూ, ఏడుస్తూ.

ఏడాది తిరిగేసరికి ఆ కుడి కన్నుకీ శుక్లం వచ్చి మళ్ళీ వెళ్ళాం. అదే సిస్టరు నన్ను చూసీ చూడగానే నా సంచి అడిగి తీసుకుని అడుగు దాకా వెతికింది. ఆ తర్వాత నీలం పెన్ను తీసి నా చేతి మీద ఒక చుక్క పెట్టింది.

"ఇది దేనికమ్మా?"

"ఈ గుర్తున్నవాళ్ళని లోపలికి పంపొద్దని వాచ్‌మన్‌కి చెప్పామండీ."

బుద్ధిగా బయటే కూర్చున్నాను. పక్కన కొత్తగా వచ్చిన ఒకావిడ "మా తాతగారికి దిష్టి చుక్క పెట్టారేంటండీ?" అంది. ఆవిడ చేయి గట్టిగా పట్టుకుని, ఆటోలో జుట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. నా పని ఇప్పుడు అదే.

అందుకని పాఠకులందరి ముందూ ఒట్టు పెడుతున్నాను. ఇక మీదట ఆసుపత్రిలో ఎవరి ఒంటి మీద ఏ గుర్తు కనబడినా, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ముందు నోటితో అడుగుతాను. మా మామయ్య రెండు కళ్ళ మీదా ఒట్టు. ఒక్క కన్ను మీదే ఒట్టు వేస్తే, మళ్ళీ ఏ కన్నని అడగాల్సి వస్తుంది.